ముప్పై నాలుగో నిమిషం

అచ్చంపేటల నైటౌట్.
డ్రైవర్ పెంటయ్య మూడు సీట్ల మీద కాళ్లు ముడుసుకొని
గురక వెడుతున్నడు.
ఆఖరు సీట్ల కూసొని, చిల్లర లెక్క రెండుసార్లు తప్పినంక
ఫోన్ల ఆ సీరియల్ తీసిన.
మొదటి భాగం.
ఇరవై ఎనిమిదేండ్లకు.

అదే మ్యూజిక్,
ఖాళీ గాబుల తల వెట్టి ఎవరో మూలిగినట్టు.
అదే ఇద్దరు:
దేనికైనా 'ఉండొచ్చు' అనే నెరిసిన జడామె,
'ఉంటే చూపియ్యి' అనే టేప్ రికార్డర్ పిలగాడు.

మంగళారం రాత్రి తొమ్మిదిగొట్టంగ
దేవరకొండల మా గల్లీ గల్లీ
కిరాణం రామచంద్రం ఇంట్ల ఉండేది.
పెద్దోళ్లు మంచం మీద, మేం గడపల,
టీవీ మీద ఒక తడిగుడ్డ, వేడి ఎక్కకుండ.

ఇప్పుడు చూస్తుంటే
పొగ అగరొత్తులదే.
స్టేషన్ గడియారం అట్టముక్క.
పిలగాడి మీసం ఒక సీన్ల ఉన్నది, ఒక సీన్ల లేదు.
నవ్వొచ్చింది.
కాని తాళమేసిన వెయిటింగ్ రూంల
బండల మీద తడి పాదాలు కనవడంగనే
రెండు కాళ్లు సీటు మీదికి తీసుకున్న.
చిన్న పాదాలు. మనిషి లేదు.
రోజూ రాత్రి రెండింటికి.

సరిగ్గ ఈడనే ఆనాడు కరెంటు పోయింది.
మిల్లు కాడి ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మన్నది.
రామచంద్రం అగ్గిపెట్టె దేవులాడిండు.
ఎవరి పిల్లనో ఏడ్సింది.
ఆ రాత్రి నేను ఒంటేలుకు గూడ లేవలే.

తెల్లారి బడిల కడమ కథ సైదులు చెప్పిండు.
ట్రాక్టర్ బ్యాటరీకి తగిలిచ్చి చూసిండ్రట వాళ్లు.

"అది దయ్యం కాదుర.
ఆ పిల్లోళ్లింట్ల నీళ్లు లేవు.
స్టేషన్ నల్లా రాత్రి రెండింటికే వస్తది.
కిటికీ చువ్వల నడుమ దూరి
చెంబుతోని తెచ్చి తెచ్చి
బయట బిందెల పోస్తది.
నెరిసిన జడామె చూసింది. ఏమనలే.
ఒక బిందె తనెత్తుకున్నది.
వాళ్లింటి దాక నడిసింది.
తొవ్వల ఇద్దరూ మాట్లాడలే.
గంతే. అయిపోయింది."

ఏడో తరగతి మొత్తం నమ్మింది.

ఇయ్యాల అసలు ముగింపు చూసిన.
టేపు ఎనుకకు తిప్పుతే గాలి సప్పుడు.
ఆమె ఫైలు మూసి దారం గట్టింది.
అట్ట మీద రాసింది: కారణం తెలియదు.
పేర్లు పడ్డయి.

ఇదేనా?
ఎవరో నా పైసలు తప్పు లెక్కిచ్చినట్టయింది.

అప్పుడు లేసిండు నాల ఉన్న టేప్ రికార్డర్ పిలగాడు.
సైదులోళ్లకు ట్రాక్టర్ ఏడిది?
వాళ్ల నాయిన కట్టెకోత మిషన్ల కూలి.
టీవీ అసలే లేదు.
ఉన్నా, వాళ్ల వాడకూ మా గల్లీకీ
ఆ ఒక్కటే ట్రాన్స్‌ఫార్మర్.
రోజుకు నాలుగొందల మందికి టిక్కెట్ కొట్టెటోణ్ణి,
ఎవడు ఏ స్టేజీల ఎక్కిండో మొఖం చూసి చెప్పెటోణ్ణి,
ఇది ఎట్ల దాటిపోయింది?

ఇంకోటి.
రైలే లేని ఊరు మాది.
స్టేషన్ నల్లా వాడెన్నడు చూసిండు?

రాత్రి రెండింటి నల్లా యాడిదో
ఇప్పుడెరుకయింది నాకు.
రైసుమిల్లు ఎనుక, ముండ్లకంచె అవుతల.

వాళ్లక్క జంగమ్మ మాకన్న ఒక తరగతి పైన.
పొద్దుగాల బెంచీ మీదనే నిద్రవోయేది.
'దయ్యం పట్టిందా' అని సారు బెత్తంతోని లేపేటోడు,
మేం నవ్వెటోళ్లం.
సైదులు నవ్వేటోడు కాదు.
ఆమె లంగ అంచు ఎండకాలం గూడ
పచ్చిగనే ఉండేది.

పెంటయ్య ఇటు మర్రిండు.
'ఇంక పండుకోలేదా, ఐదున్నరకు ఫస్ట్ ట్రిప్' అన్నడు,
మళ్ల గురక.

ఎనుకకు తిప్పిన.
తడి పాదాలు.
దగ్గర వెట్టుకొని చూసిన, ఇంత ముందుగాల చూడనట్టు.
ఎడమది తేలిక,
కుడిది జర గట్టిగ ఒత్తుకున్నది,
ఆ దిక్కు నడుము మీద ఏదో బరువున్నట్టు.

ముప్పై నాలుగో నిమిషం.
ఈసారి నేనే ఆపిన.